గాల్లో నిలిచిన చెయ్యి

నొప్పి నాది, తీర్పు అందరిదీ. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా కోపం ఎక్కడిదో మీకు అర్థమవుతుంది.

మాది బట్టలు కుట్టే దుకాణం. మాది అంటే నాదీ, నా తోడికోడలిదీ. అది మా మరిది భార్య. ఇంటికి చిన్న కోడలు కాబట్టి అందరం చిన్నది అనే పిలుస్తాం. కొలతలు తీసి గుడ్డ కత్తిరించేది నేను, మిషను మీద కూర్చుని కుట్టేది అది. తోడికోడళ్ళిద్దరు పొద్దస్తమానం ఒకే గదిలో ఉంటే జుట్టూ జుట్టూ పట్టుకోకుండా ఉంటారా అని, ఆ వేడుక చూడ్డానికే గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఆశ తీరలేదు. నాకు నోరెక్కువ, దానికి ఓర్పెక్కువ. అలా గడిచిపోయింది.

ఒక మధ్యాహ్నం మా ట్రయల్ రూములో నిలువుటద్దం మేకు ఊడి జారింది. లోపల ఒకావిడ కొత్త గౌను వేసుకుని చూసుకుంటోంది. ఆవిడ మీద పడుతుందని నేను చెయ్యి అడ్డం పెట్టాను. అద్దం పగిలి, పెంకు ఒకటి నా కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో దిగింది. పైకి కనబడే గాయం చిన్నదే. కానీ లోపల వేలిని వంచే తాడు తెగిపోయింది. దాన్ని టెండన్ అంటారట. ఆవిడకు గీత కూడా పడలేదు. గౌను మీద నా రక్తం పడిందని మాత్రం చాలాసేపు చూసుకుంది.

ఆసుపత్రిలో ఆ రోజే ఆపరేషను మొదలుపెట్టారు. నాకు ఉబ్బసం. పూర్తిగా నిద్రపుచ్చితే ఊపిరితో పేచీ వస్తుందని మెలకువగానే ఉంచి, మెడ పక్కన సూదేసి చెయ్యి మాత్రం మొద్దుబారేలా చేశారు. రక్తం అడ్డం రాకుండా భుజం కింద గాలిపట్టీ ఒకటి బిగించారు. బీపీ చూసేటప్పుడు కడతారే, అలాంటిదే. కాకపోతే అది బిగించి వెంటనే వదులుతారు, ఇది పనయ్యేదాకా వదలరు. కోసేచోట నాకు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. నొప్పంతా పైన. చేతికి లోపలివైపు, చంక కింద. మొదట వేడి, తర్వాత మంట, ఆ తర్వాత ఎవరో లోపలి ఎముకను పట్టుకుని మెలిపెడుతున్నంత బాధ.

చెప్పాను. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పాను, అడక్కపోయినా చెప్పాను. మత్తిచ్చిన పెద్దాయన చెడ్డవాడేం కాదు. సూదిమొనతో నా వేళ్ళమీద గుచ్చి చూశాడు, నాకు తెలియలేదు. చెయ్యంతా మొద్దుబారిపోయింది కదమ్మా, అది ఉత్త బిగుతు, భయపడకండి అన్నాడు. లెక్కప్రకారం నాకు నొప్పి ఉండకూడదు. నొప్పికి లెక్కలు రావు మరి. చివరికి ఒళ్ళు నా మాట వినలేదు. భుజం ఎగిరిపడింది, దాంతోపాటు చెయ్యీ ఎగిరింది, అప్పటిదాకా లోపల వేసిన కుట్లు తెగాయి. కోత డాక్టరు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఇక లాభం లేదని పైన చర్మం మాత్రం కుట్టి పంపేశాడు.

ఇంటికొచ్చాక కథ నా నోట్లోంచి కాకుండా అందరి నోళ్ళలోంచీ నడిచింది. దుకాణానికి వచ్చి పలకరించినవాళ్ళందరికీ చిన్నది నవ్వుతూ ఒకటే చెప్పేది, మా అక్క భయపడి లేచొచ్చేసిందండీ అని. అది దాని మనసులో విషం ఉండి అన్న మాట కాదని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. కానీ విన్న ప్రతిసారీ పుండుమీద కారం జల్లినట్టుండేది. నేను భయపడలేదు. నాకు నొప్పేసింది. ఈ రెండింటికీ తేడా తెలియని మనిషితో ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద కూర్చున్నానా అనిపించేది.

గాయం మానింది. వేలు మాత్రం కర్రపుల్లలా నిలబడిపోయింది. కత్తెర కన్నంలో దూరుతుంది, వంగదు. వంగని వేలితో కత్తెర నోరు మూసుకోదు. ఎడమచేత్తో ప్రయత్నిస్తే గుడ్డను ఎలుకలు కొరికినట్టు వచ్చింది. అందుకని కత్తెర చిన్నది తీసుకుంది. దాని కుట్టు కళ్ళకద్దుకోవాలి, కాదనను. కానీ అది కత్తెర పట్టిందంటే బల్లమీద గుడ్డకే గుండెదడ.

ఒకరోజు ఒకాయన చొక్కా కత్తిరించింది. చొక్కాచేతికి ముందువైపు ఒక వంపు, వెనకవైపు ఒక వంపు ఉంటాయి. గుడ్డను ఎదురెదురుగా మడతపెట్టి కత్తిరిస్తే కుడిదొకటి, ఎడమదొకటి జతగా వస్తాయి. ఇది మడత మరిచిపోయి రెండుసార్లు ఒకేవైపు పరిచి కోసేసింది. రెండూ కుడిచేతులే. నేను ఆ రెంటినీ పట్టుకుని, ఆయనకు ఎటువైపు రెండు చేతులున్నాయో కనుక్కున్నావా అన్నాను. అది ముందు నవ్వింది. నవ్వుతూనే మిషను మీదికి వాలి ఏడ్చేసింది. నీ చెయ్యి బాగుపడకపోతే దుకాణం మూసేద్దామక్కా, నావల్ల కాదు అంది. ఆ మాటకు నాకు కోపం రాలేదు. మూసేసిన దుకాణం తలుపు కళ్ళముందు నిలిచింది. ఇదిగో, భయమంటే ఇదీ.

మళ్ళీ కోత డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తెగిన కొసలు ముడుచుకుపోయాయి, ఇక అవి కలవవు అన్నాడు. మణికట్టు దగ్గర పెద్దగా పనిలేని సన్నటి టెండన్ ఒకటి ఉంటుందట, దాన్ని తీసి వేలికి అతుకు వేస్తానన్నాడు. సొంత గుడ్డలోంచే అతుకన్నమాట, అది నాకు నచ్చింది. నచ్చనిది తర్వాత చెప్పాడు. పని పోయినసారికంటే ఎక్కువసేపు పడుతుంది, పట్టీ అంతసేపూ ఉండాలి, ఈసారి మధ్యలో కదిలితే ఆ వేలిమీద ఆశ వదులుకోవడమే. కదలకుండా ఉండగలరా అని అడిగాడు. ఉంటానని నా నోరు అంది. నా భుజం ఏమీ అనలేదు.

ఈసారి మత్తు డాక్టరు వేరే. సన్నగా ఉంది, చేతిగడియారం లోపలివైపు తిప్పి కట్టుకుంటుంది. ఆపరేషనుకు ముందు నన్ను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పక్కన చిన్నది. పోయినసారి ఏమైందని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. భయం మాట ఆవిడ తనంతట తాను తెస్తుందేమోనని చూశాను, తేలేదు. ఎక్కడ నొప్పేసిందో సరిగ్గా చూపించమంది. నా సంచిలో సుద్దబిళ్ళ ఎప్పుడూ ఉంటుంది. ఎడమచేత్తో తీసి, నా చొక్కా కుడిచేతిమీద, లోపలివైపు, చంకదాకా ఒక ముక్క గీశాను. ఆవిడ ఆ గీత వైపు కాస్త వంగి చూసింది.

"చేతికి వెళ్ళే నరాలన్నీ మెడ పక్కనుంచి ఒక కట్టగా వస్తాయమ్మా. మేం మందిచ్చేది ఆ కట్టకి. మీరు గీసిన చోటుకి వచ్చే నరం ఆ కట్టలోది కాదు. ఛాతీ పక్కనుంచి విడిగా వస్తుంది. దానికి మందు అంది ఉండదు."

నాకు చటుక్కున వెలిగింది. కొన్ని చొక్కాలకు చంక కింద చిన్న ముక్క వేస్తాం, చెయ్యెత్తితే లాగకుండా. చెయ్యి కుట్టంతా విప్పినా ఆ ముక్క ఒంటి గుడ్డను పట్టుకునే ఉంటుంది, చేతితోపాటు రాదు. ఆ మాటే చెప్పాను. చంక ముక్క అన్నమాట అంది ఆవిడ, తనలో తాను ఒకసారి అనుకుని చూసుకుని. బాగుంది, ఇకమీద నేనూ అలాగే చెబుతానంది.

ఆ ముక్కకు విడిగా చిన్న సూది వేస్తానంది. పట్టీనొప్పికి ఆ ఒక్క నరమే కారణం కాదని కూడా దాచకుండా చెప్పింది. చాలాసేపు బిగించి ఉంచితే లోపల కండ కూడా గోలపెడుతుందట. అందుకని మెడ దగ్గరిచ్చే మందులో ఇంకో మందు కలుపుతుంది, మొద్దుబారడం లోతుగా, ఎక్కువసేపు ఉండేలా. పట్టీకింద మెత్తగా దూది చుడుతుంది. పట్టీ తప్పనిసరైన పని ముందు చేసేయమని కోత డాక్టరుతో అప్పటికే మాట్లాడిందట, అవసరమైతే మధ్యలో కాసేపు గాలి వదలడానికి ఆయన ఒప్పుకున్నాడట. అసలేమీ తెలియదని మాటివ్వలేనమ్మా అని చివర్లో అంది. నాకు ధైర్యం వచ్చింది ఆ ఒక్క మాటకే.

"ఒకటి గుర్తుపెట్టుకోండి. నొప్పేస్తే నొప్పి అనండి. అది నొప్పా బిగుతా అన్నది నేను చెప్పేది కాదు. మీరే చెప్పాలి."

పక్కనున్న చిన్నది తల దించుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెయ్యి నాది, కోత నాకు, మధ్యలో దీని మూతిముడుపేమిటని నాకు ఒళ్ళుమండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అన్నాను. బస్సు మా వీధి మలుపు తిరుగుతుంటే, ఆ పట్టీ ఎంత వెడల్పుంటుందక్కా అని అడిగింది. వేళ్ళతో చూపించాను. కుట్టేదాని బుద్ధి ఎక్కడికి పోతుంది, కొలతల కోసమే అడిగిందనుకున్నాను.

ఆపరేషను రోజు పొద్దున చిన్నదాన్ని వరండా బల్లమీద వదిలేసి నేను తలుపులు దాటి లోపలికి వెళ్ళాను. తెల్లటి చల్లదనం. ఎక్కడో ఒక మిషను మెల్లగా, మా మిషను అలిసిపోయినప్పుడు చేసే చప్పుడు లాంటిది చేస్తోంది. డాక్టరమ్మ నా మెడ పక్కన, కాలరుపట్టీ వచ్చే చోటుకు కాస్త కింద, చల్లటి జిగురేదో రాసి స్కాన్ తీసే చిన్న పెట్టె ఆనించింది. పక్కనున్న తెరమీద బూడిదరంగు మేఘాలు కదిలాయి. మేఘాల మధ్య నల్లగా, గుండ్రంగా, చిన్న ద్రాక్షగుత్తి ఒకటి. అవే మీ నరాలు అంది. ఇన్నేళ్ళు గుడ్డ కోసింది ఇవా అని ముచ్చటగా చూశాను. సూది ఆ గుత్తి పక్కకు వచ్చి ఆగింది, మందు నల్లటి నీడలా దాని చుట్టూ పరుచుకుంది.

వెంటనే చెయ్యి పైకెత్తించి, మోచెయ్యి మడిచి తలపక్కన పెట్టించి, చంకలో రెండో సూది వేసింది. చంక ముక్కకు, అంది నవ్వుతూ. అప్పటికే నా వేళ్ళు బరువెక్కి, నాది కాని దారిలో ఎటో వెళ్తున్నాయి. అరచెయ్యి వెచ్చబడింది. తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి, ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ ఎవరో మెట్లు దిగిపోయినట్టు వెళ్ళిపోయాయి.

చెయ్యి ఎప్పుడు దించారో నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు అది ఇంకా పైనే ఉంది. మోచెయ్యి కాస్త మడిచి, వేళ్ళు సగం ముడిచి, నా మొహానికి పైన గాల్లో తేలుతోంది. అంత బరువులేని చెయ్యి నాకు ఎప్పుడూ లేదు. దించండమ్మా, నొప్పెడుతుందేమో అన్నాను. దించేశాం, ఇదిగో పక్కన పలకమీద ఉంది అన్నారు. తల తిప్పితే నిజమే, పలకమీద నా చెయ్యి ఒకటి పడుకుని ఉంది, పసుప్పచ్చటి మందు పూసుకుని, ఎవరిదో అన్నట్టు. కొందరికి ఇలా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. చెయ్యి ఎక్కడుందన్న కబురు మెదడుకు ఆఖరుసారి పైనుంచే అందింది, కొత్త కబురు వచ్చేదాకా అది పాతదాన్నే నమ్ముకుని కూర్చుంటుందట. చిన్నది రెండు కుడిచేతులు కోసింది గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. నాకూ ఇప్పుడు కుడివైపు రెండు చేతులు.

నా మొహానికి, చేతికి మధ్య ఆకుపచ్చటి గుడ్డ కట్టారు. పట్టీలోకి గాలి ఎక్కుతున్న చప్పుడు విన్నాను. కోత డాక్టరు మొదలుపెట్టనా అన్నాడు. మొదలుపెట్టండి అన్నాను. అప్పట్నుంచి నాకు ఒకటే పని, నొప్పి కోసం ఎదురుచూడ్డం. అది ఎలా వస్తుందో నాకు తెలుసు. ముందు వేడి, తర్వాత మంట. గుమ్మంవైపు చెవులు పెట్టుకుని కూర్చున్నట్టు చంకవైపు మనసు పెట్టుకుని పడుకున్నాను.

వేడి రాలేదు. గాల్లో ఉన్న చెయ్యికి విసుగొచ్చింది కాబోలు, మెల్లగా కదిలింది. ఆకుపచ్చ గుడ్డ దాటింది. కిటికీ అద్దానికి తగలకుండానే బయటికి వెళ్ళింది. నేను మంచంమీదే ఉన్నాను, అది మాత్రం మా దుకాణంలో ఉంది. బల్లమీద ఒక పొడుగాటి నీలం గుడ్డ, ఈ కొసనుంచి ఆ కొస కనబడ్డం లేదు. చెయ్యి కత్తెర తీసుకుంది. బొటనవేలు వంగింది. కత్తెర నోరు తెరుచుకుని, మూసుకుని, తెరుచుకుని వెళ్తోంది, గుడ్డ నీళ్ళలా రెండుగా విడిపోతోంది, చప్పుడు కూడా నీళ్ళదే. సుద్దగీత లేకుండానే చెయ్యికి దారి తెలుసు. చొక్కాచేతులు జతలు జతలుగా, కుడీ ఎడమా, కుడీ ఎడమా, బల్ల అంచుమీంచి జారి కిందికి దిగుతున్నాయి. కింద చిన్నది కూర్చుని అందుకుంటోంది. తలెత్తి నావైపు చూడ్డం లేదు. ఎందుకే చూడవు అని అడగబోయాను.

అప్పుడు చంక కింద ఏదో తెలిసింది.

కల చిరిగిపోయి మళ్ళీ ఆకుపచ్చ గుడ్డ వచ్చింది. అదేనా? వేడా? కాదు, ఒత్తిడి. ఒత్తిడేనా? నా గుండె గబగబా కొట్టుకోసాగింది, గుండె లెక్క చూసే ఆ మిషను చప్పుడూ దాంతోపాటే పరుగెత్తింది. చెప్పాలా వద్దా అని నాలో నేనే కొట్టుకున్నాను. చెబితే మళ్ళీ భయస్థురాలంటారు. చెప్పకపోతే పోయినసారిలాగే భుజం ఎగురుతుంది, వేలు పోతుంది, దుకాణం పోతుంది. పళ్ళు బిగించుకుని పడుకున్నాను. డాక్టరమ్మ మొహం నా మొహం మీదికి తలకిందులుగా వంగింది. ఎలా ఉందమ్మా అంది. ఏమీ లేదన్నాను. ఆవిడ వెళ్ళలేదు. మిషను వైపు చూసింది, నావైపు చూసింది, మళ్ళీ అడిగింది.

"బిగుతుగా ఉంది," అన్నాను. "నొప్పి కాదు. నొప్పవుతుందేమోనని భయం."

"చెప్పారు కదా, అంతే చాలు," అంది. "భయానికి కూడా నా దగ్గర మందుంది."

కోత డాక్టర్ని ఒక్క నిమిషం చెయ్యి ఆపమంది. ఆయన ఆపాడు. పట్టీ చుట్టూ వేళ్ళు పెట్టి చూసి, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడా అని అడిగింది. ఊపిరికి ఇబ్బంది లేకుండా కొంచెమే అంటూ సెలైనులో ఏదో ఎక్కించి, స్టూలు లాక్కుని నా తలదగ్గర కూర్చుని, నా ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మంట అంటే వెంటనే గాలి వదులుతానంది. నేను ఎదురుచూశాను, ఆవిడా నాతో ఎదురుచూసింది. ఒత్తిడి ఒత్తిడిగానే ఉండిపోయింది. మంట కాలేదు. మెలి కాలేదు. రావాల్సినది ఎంతకీ రాకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు పక్కకు జారి చెవుల్లోకి పోయాయి. నొప్పా అని అడిగింది డాక్టరమ్మ. కాదు, పోయినసారి కూడా ఇలా ఉండాల్సిందా అన్నాను. ఆవిడ నా చెవుల దగ్గర తడి తుడిచింది. అవునమ్మా, ఉండాల్సింది అంది.

తర్వాత ఎంతసేపో తెలియదు. గాల్లో చెయ్యి మళ్ళీ దుకాణానికి వెళ్ళింది, ఈసారి కత్తెర జోలికి పోకుండా బల్లమీద గుడ్డని నిమురుతూ కూర్చుంది. ఎవరో నన్ను అమ్మా అమ్మా అని పిలిచారు. కోత డాక్టరు. పైకి చూడండి, దీపం అంచులోకి చూడండి అంటున్నాడు. నా మీద పెద్ద గుండ్రటి దీపం ఉంది, దాని నున్నటి లోహపు అంచులో అన్నీ చిన్నగా, వంకరగా కనబడుతున్నాయి. ఆకుపచ్చ గుడ్డలు, చేతితొడుగులు, వాటి మధ్య నా అరచెయ్యి. చూస్తున్నారా అన్నాడు. ఊఁ అన్నాను. మణికట్టు పైన ఎక్కడో ఏదో మెల్లగా లాగాడు. దీపం అంచులో నా బొటనవేలు వంగింది.

నేను వంచలేదు. నాకు తెలియను కూడా తెలియదు. అయినా వంగింది, ఎవరో పేరుపెట్టి పిలిస్తే తల వంచినట్టు. మళ్ళీ ఒకసారి అన్నాను. ఆయన మళ్ళీ లాగాడు, అది మళ్ళీ వంగింది. ఇంకోసారి అనబోయాను కానీ, అతుకు తెగిపోతుందేమోనన్న జ్ఞానం కలిగి నోరు మూసుకున్నాను. నా జీవితంలో నా నోరు తనంతట తాను మూతపడిన సందర్భాలు చాలా తక్కువ.

గదికి తెచ్చేసరికి ఎండ కిటికీ దిగి నేలమీద పడుకుంది. చేతికి పెద్ద కట్టు, కింద దిండు. గాల్లో చెయ్యి ఇంకా గాల్లోనే. దుప్పటికి పైన, ఎవరినో పిలుస్తున్నట్టు నిలబడి ఉంది. మా ఆయనా, మరిదీ వచ్చి కట్టును చూసి, నన్ను చూసి, సాయంత్రం మళ్ళీ వస్తామని వెళ్ళారు. చిన్నది ఉండిపోయింది. వేలు వంగిందే, నేను చూశాను అన్నాను. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పిందక్కా అంది. సంతోషంతో ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అది మంచం పక్కన కుర్చీలో ముడుచుకుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో దాన్ని పాముకుంటోంది. రోజూ మోచేతిదాకా మడిచి ఉండే చొక్కాచేతులు ఇవాళ మణికట్టుదాకా దించి గుండీలు పెట్టుకుంది. అంత ఉక్కలో.

ఏమైందే చేతికి అన్నాను. ఏమీ లేదక్కా అంది. ఏమీ లేదు అనే మాట ఎప్పుడు అంటారో పొద్దున్నే నేర్చుకుని వచ్చాను కదా, నేను వదల్లేదు. చెయ్యి ఇటు పెట్టు అన్నాను. పెట్టలేదు. దాహమేస్తోందన్నాను. నీళ్ళగ్లాసు అందించడానికి అది నా మీదుగా వంగినప్పుడు, మంచి చెయ్యి నాకు ఇంకా ఒకటుంది, దాని ఎడమచేతి గుండీ విప్పి చొక్కాచేతిని భుజందాకా పైకి తోశాను.

భుజం కింద, చుట్టూరా, ఎర్రటి పట్టీ. నేను బస్సు దిగబోతూ వేళ్ళతో చూపించిన వెడల్పే. మధ్యమధ్య సన్నటి గీతలు. ఆ గీతలు నాకు తెలుసు. నడుముపట్టీలకు వేసే ఎలాస్టిక్ నాలుగు వరసలు కలిపి బిగిస్తే పడే గీతలు అవి.

అది గ్లాసు బల్లమీద పెట్టింది. కూర్చుంది. నావైపు కాకుండా తన చేతివైపు చూస్తూ మాట్లాడింది.

"నిన్ను లోపలికి తీసుకెళ్ళగానే వరండాలో కట్టుకున్నానక్కా. పోయినసారి నువ్వున్నంతసేపైనా ఉందామని. ఇంటికెళ్ళి చెబుదామనుకున్నా, అంత నొప్పేం లేదులే అని." ఆగింది. "సగం కూడా ఉండలేకపోయా. పళ్ళతో కొరికి విప్పుకున్నా. నువ్వెలా ఉన్నావక్కా అప్పుడు? అందరం బిగుతంటుంటే ఎలా ఉన్నావు?"

ఏం చెప్పాలో తోచనప్పుడు నేను తిడతాను. బుద్ధుందా, చెయ్యి చచ్చుబడితే ఎవరే కుట్టేది, ఇద్దరం కలిసి కాలితో కుడతామా, డాక్టర్లు యంత్రం పెట్టి చూసి బిగించేదాన్ని నువ్వు ఎలాస్టిక్‌తో కడతావా, ఇంత తెలివితక్కువ మనిషిని మా అత్తగారు ఎక్కడ వెతికి తెచ్చింది అని నోటికొచ్చిందంతా అన్నాను. అది అన్నీ విని తలూపింది. కళ్ళు తుడుచుకుని, ఇంక ఎవరు అడిగినా నొప్పేసే లేచొచ్చింది అనే చెబుతానక్కా అంది. చెప్పొద్దు, అడిగినవాళ్ళకు నీ ఎలాస్టిక్ కట్టు అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను.

కిటికీలో ఎండ ఎర్రబడుతుంటే గాల్లో చెయ్యి దిగడం మొదలుపెట్టింది. ఎవరికీ కనబడదు, నాకే తెలుసు. మెల్లగా, తొందరేమీ లేకుండా, దుప్పటిని దాటి, కుర్చీ వైపు వంగి, చిన్నదాని చేతిమీద ఆ ఎర్రటి పట్టీ చుట్టూ వేళ్ళు వేసి కాసేపు ఆగింది. అది ఉలిక్కిపడలేదు, దానికెలా తెలుస్తుంది. అక్కణ్ణుంచి లేచి నా దిండుమీదికి వచ్చి, కట్టులోకి దూరి, అక్కడ పడుకుని ఉన్న నా మామూలు చేతిలో కలిసిపోయింది. కలవగానే అరచేతిలో ఒక సలుపు. తర్వాత ఇంకొకటి, ఇంకాస్త గట్టిగా.

"నొప్పేస్తోందే," అన్నాను.

నా మాట పూర్తికాకముందే చిన్నది లేచి డాక్టరమ్మ కోసం పరుగెత్తింది.